శ్రోతృధర్మము

గడచిన వానకాలములో నొక యాదివారము సాయంకాలము మా యింటి ముందుగదిలో నలుగురము కూడి సంగీతము వింటిమి. మా యూరు ఖమ్మము నుండి భద్రాచలమునకు బోవు త్రోవలో, పొలములు ముగిసి యడవి మొదలగు చోట నున్నది. ఆనాడు విన్నది మన సంగీతము కాదు. ఫిన్లండు దేశీయుడగు ఝాన్ సిబేలియసు రచించిన యైదవ సింఫొనీ. ఫోనునకు స్పీకరు తగిలించి దానిని వినిపించితిని. ఇంచుమించుగ నరగంట సాగును. పాట యనుటకు వీలులేదు. అందు మాట యొక్కటియు లేదు.

రచన ముగియవచ్చినప్పుడు వాద్యములన్నియు నొక్కమాఱుగ నొక దెబ్బ కొట్టి యూరకుండును. కొంత నిశ్శబ్దము. మరల నొక దెబ్బ. మరల నిశ్శబ్దము. ఇట్లాఱు మాఱులు. ఉద్యోగవిరమణ చేసి, త్యాగరాజకీర్తనలు క్షుణ్ణముగా నెఱిగిన పెద్దలొకరు మొదటి దెబ్బకే "అయిపోయిందా సారూ?" అని కండువా సవరించుకొని లేచిరి. రెండవ దెబ్బకు మరల గూర్చుండిరి. మూడవదానికి నవ్విరి. ఆఱవది ముగిసిన పిమ్మట, "ఇందులో రాగమేది, తాళమేది, సాహిత్యమేది? పాత్రసామాను అటకమీదినుంచి పడ్డట్టుంది" అని తీర్పు చెప్పిరి.

హైదరాబాదులో నుద్యోగము చేయుచు సెలవునకు వచ్చిన యొక యువకుడు దీనికి మండిపడెను. "పెద్దనాన్నగారూ, అసలైన సంగీతమంటే ఇదేనండీ. మనది గానుగెద్దు నడక. తిరిగిన చోటే తిరుగుతుంది" అనెను. మాటకు మాట పెరిగినది.

ఆ సమయముననే వాగున కవతలి కోయగూడెము నుండి డోలు మ్రోగనారంభించెను. ఏదో కొలుపు గాబోలు. వాదమాడుచున్న యిరువురును మాటలాపి యా వంక జూచిరి. "ఈ గోల ఒకటి" అని పెద్దలనిరి. యువకుడు లేచి కిటికీ తలుపు మూసెను. అంతవఱకు నే విషయమునను బొసగని యిద్దఱకు నా యొక్క పనిలో మాత్రము చక్కని పొత్తు కుదిరెను.

ఈ వ్యాసము సిబేలియసును గుఱించియు, ఆ మూసిన కిటికీని గుఱించియు. ఈ రెండునకు సంబంధమేమని చదువరులడుగవచ్చును. సంబంధమున్నది. అది మన చెవులలో నున్నది.

ముందుగా నా స్వరకర్త యెవరో చెప్పవలయును. సిబేలియసు 1865 డిసెంబరు 8న ఫిన్లండులోని హామెన్లిన్నా పట్టణమున జన్మించెను. ఆ దేశము 1809 వఱకు స్వీడను రాజుల పాలనలోను, తరువాత 1917 వఱకు రష్యా చక్రవర్తుల పాలనలోను నుండెను. చదువుకొన్న కుటుంబములలో స్వీడిషు భాషయే యింటిభాష. ఫిన్నిషు భాష పల్లెవాండ్రది, అడవివాండ్రది, పొలముదున్ను వాండ్రది. సిబేలియసు నింటను స్వీడిషే. బడిలో నతడు ఫిన్నిషు నేర్చుకొనెను. తన దేశపు భాషను దేశీయుడొకడు బడికిపోయి నేర్చుకొనవలసి వచ్చెనన్న సంగతి మనకు వింతగా దోపరాదు. మన యింటి పిల్లల దెలుగు చూచిన వారికి వింత యేమున్నది?

ఆతడు పుట్టుటకు ముప్పదియేండ్లకు ముందు, 1835లో, ఏలియాస్ లోన్రోట్ అను వైద్యుడు పల్లెపల్లెకు దిరిగి, నిరక్షరాస్యులగు గాయకుల నోట విన్న పాటలను గూర్చి 'కలేవల' అను కావ్యముగ బ్రకటించెను. 1849లో దానిని పెంచి యేబది సర్గల గ్రంథముగ జేసెను. కుడుపు గడుచుటయే కష్టముగానున్న పల్లెవాండ్ర జ్ఞాపకములో నంత కావ్యసామగ్రి దాగియుండెనని తెలిసినప్పుడు చదువుకొన్నవారు తెల్లబోయిరి. సిబేలియసు 1891లో లారిన్ పరస్కే యను పల్లెటూరి గాయని పాడగా వినెను. మఱుసటి యేడు కలేవలలోని కథతో 'కుల్లెర్వో' అను పెద్ద రచన నాతడు హెల్సింకిలో వినిపించెను. పిమ్మట 1899 మొదలు 1924 వఱకు నేడు సింఫొనీలు రచించెను. 1926లో అడవిదేవత పేర 'టపియోలా' అను రచన చేసెను. అటుపిమ్మట ముప్పదియేండ్లు బ్రతికియు పెద్దరచన మఱియొకటి వెలువరింపలేదు. ఎనిమిదవ సింఫొనీ కొఱకు వ్రాసిన కాగితములను దానే నిప్పులపాలు చేసెను. 1957 సెప్టెంబరు 20న మరణించెను.

ఒక సంగతి స్పష్టముగ జెప్పుట న్యాయము. సిబేలియసు పల్లెపాటలను దెచ్చి సింఫొనీలలో నతికినవాడు కాడు. తన స్వరములు తనవేయని యతడు గట్టిగా జెప్పెను. పరస్కే పాట విని యాతడు నేర్చుకొన్నది వరుస కాదు, వినుటయే యని నా యభిప్రాయము. చిన్న స్వరసమూహము నొకదానిని బట్టుకొని, దానిని విసుగులేక మరల మరల బలుకుచు, ప్రతిమాఱు నించుక మార్చుచు బోవు పద్ధతి యా రూనోపాటలలో గలదు. ఆ యోర్పే యాతని సింఫొనీలలోను గనబడును.

ఇక మా పెద్దల యాక్షేపమునకు వచ్చెదను. రాగమేది, తాళమేది, సాహిత్యమేది యని వారడిగిరి. వారిని నేను తప్పుపట్టను. ఇరువదియేండ్ల ప్రాయమున నేనును నిదే యడిగితిని. కళాశాలలో నొక మిత్రుడు సిబేలియసు రెండవ సింఫొనీ గల క్యాసెట్టు నా చేతబెట్టెను. మూడుమాఱులు విని, మూడుమాఱులు నిద్రపోతిని. సంస్కృతకావ్యము చదువునప్పుడు మొదటి సర్గలో నర్థముగాని శ్లోకములకు నిఘంటువు తిరుగవేసితిని గాని, కాళిదాసునకు గవిత్వము రాదని యనలేదు. ఆంగ్లనాటకములకు టీకలు చదివితిని గాని, షేక్స్పియరు వట్టి గోలయనలేదు. సంగీతమునకు మాత్రము నిఘంటువక్కఱలేదనియు, చెవినబడినంతనే రసము కురియవలెననియు, కురియనిచో దోషము రచనదేయనియు నిశ్చయించుకొంటిని. పసిబిడ్డయు, పశువును, పామును గానరసము నెఱుగునని మనవారొక మాట యందురు. ఆ మాట గానమహిమను జెప్పుటకు బుట్టినది. దానిని మన సోమరితనమునకు గవచముగ దొడుగుకొంటిమి. పసిబిడ్డ జోలపాట విని నిద్రించును, నిజమే. జోలపాటకు మించినది వినవలెనన్నచో బసిబిడ్డ పెరుగవలయును గదా!

నాలుగవమాఱు విన్నప్పుడు నాకొక యుపాయము తోచినది. మన విద్వాంసుడు ఆలాపన చేయునప్పుడు రాగమును మొదటనే మూటవిప్పి కుమ్మరింపడు. ఒక సంచారము చూపును, ఆగును. మఱియొక మూల తాకును, ఆగును. తునుకలు తునుకలుగ వినిపించినదంతయు గడపట నొక్క మూర్తియై నిలుచును. సిబేలియసు రెండవ సింఫొనీ యిట్లే మొదలగును. తీగవాద్యములపై మూడు స్వరములు మెట్లెక్కినట్లు పైకి బోవును. దానికి సంబంధములేనట్లు కొమ్మువాద్యములు బదులు పలుకును. పిమ్మట నొక పిల్లనగ్రోవి పలుకు. ఇవన్నియు వేఱువేఱు కోవెలల గంటలవలె నుండును. కొంతసేపటికి నవి యొకదానినొకటి గుర్తుపట్టి కలిసికొనును. తుది భాగమున మరల మూడు స్వరములే పైకి లేచి, యీమాఱు వాద్యగోష్ఠి యంతటిని తమ వెంట దీసికొనిపోవును. దీనిని గనిపెట్టిననాటి నుండి నాకు నిద్ర పట్టలేదు.

రాగము లేదన్నది నిజము. మన యర్థములో లేదు. దానికి మాఱుగ నేకకాలమున బలు స్వరములు పలికి, వాని సంబంధముల చేతనే భావము పుట్టును. మనము నదివెంట నడచుట కలవాటుపడినవారము. వారు సముద్రముపై నిలిచి చూడుమందురు. తాళము లేదన్నది నిజము కాదు. దానిని చేతితో వేసి చూపరు, అంతే. సాహిత్యము లేకున్న గతి లేదందురా? వీణపై తానము వాయించునప్పుడు మాటలెక్కడ నున్నవి? అయినను మా పెద్దలు దానికి గన్నులు మూసికొని తలయూతురు.

ఇక, అన్యదేశపుది మనకేల యను మాట. వయొలిను మన దేశపుదా? రెండువందల యేండ్ల క్రిందట చెన్నపురి ప్రాంతమున దెల్లవారి చేతిలో దానిని విని, బాలుస్వామి దీక్షితులు చేతబట్టి, కర్ణాటకసంగీతమునకు దెచ్చెను. ఆయన యన్నగారు ముత్తుస్వామి దీక్షితులు దెల్లవారి బ్యాండుల వరుసలు విని, వానికి సంస్కృతసాహిత్యము గూర్చెను. వానినే నోట్టుస్వరము లందుము. వారి చెవులకు మడి లేదు. దానివలన వారి సంగీతము మైలపడలేదు. మన ద్వారం వేంకటస్వామినాయుడుగారి వయొలిను విని పరవశులైన తాతలకు మనుమలమై, యా వాద్యము పుట్టిన దేశముల సంగీతము వినరానిదనుట యెంత వింత!

ఇట్లు పెద్దలకు బదులు చెప్పగానే మా యువకుడు సంతోషించెను. తొందరపడవలదని యాతనికి జెప్పితిని. ఆతని దోషము మఱింత లోతైనది.

"ఇదియే యసలైన సంగీత" మని యాతడనెను. ఎవరు చెప్పిరి? తన చెవియా, పరుల నోరా? ఇది తెలియుటకొక చరిత్ర చెప్పెదను. 1930ల నాటికి నింగ్లండులోను, అమెరికాలోను సిబేలియసునకు బ్రహ్మరథము పట్టిరి. బీథోవెను తరువాత నాతడే యనిన విమర్శకులు గలరు. ఆ కాలముననే, 1938లో, జర్మను తత్త్వవేత్త థియొడోర్ అడోర్నో, సిబేలియసు సంగీతము చేతగానితనమును గంభీరతగా జూపుకొనుచున్నదని తీవ్రముగ నిందించెను. 1955లో రెనే లైబోవిట్స్ అను పారిసు సంగీతజ్ఞు డొక చిన్న పుస్తకము వెలువరించి, సిబేలియసు ప్రపంచములోని స్వరకర్తలందఱిలో నధముడని దాని పేరులోనే ప్రకటించెను. అప్పటికి సిబేలియసునకు దొంబదియేండ్లు. మరల గొన్ని దశాబ్దములకు గాలి మాఱినది. నేడు లోకమందలి పెద్ద వాద్యగోష్ఠులన్నియు నా యేడు సింఫొనీలను వాయించుచున్నవి. ఆ స్వరములు మాఱలేదు. మాఱినది వినువారి మర్యాద.

ఓ యువకుడా, నీవు 1955లో బారిసులో నుండినచో నేమనియుందువు? నాడు దొరలు మెచ్చినది మెచ్చి, దొరలు రోసినది రోయుట యొక విద్యగా జెల్లెను. దొరలు పోయిరి, ఆ విద్య మాత్రము పోలేదు. అరువు దెచ్చుకొన్న మెప్పునకును, అరువు దెచ్చుకొన్న తిరస్కారమునకును భేదము లేదు. రెండును చెవులకు సెలవిచ్చుటయే.

నీవు మెచ్చిన యైదవ సింఫొనీ యెట్లు పుట్టినదో యెఱుగుదువా? 1915 ఏప్రిలు 21న సిబేలియసు పదునాఱు హంసలు తన తలపై నెగిరిపోవుట చూచి, వాని కూతలు విని, యది తన జీవితములోని మహానుభవములలో నొకటియని దినచర్యలో వ్రాసికొనెను. ఆ రచన చివరి భాగమున గొమ్మువాద్యములు మెల్లగ నూయెలలూగునట్లు పలికెడి స్వరము లా హంసల కలవరమునకు జేరువవి. ఆతడు హంసలు కూయుచుండగా గిటికీ మూసికొనలేదు. ఆతనిని మెచ్చెడి నీవు కిటికీ మూసితివి. ఇది సిబేలియసును మెచ్చుట కాదు. ఆతని పేరు మెచ్చుట.

ఇప్పుడు కిటికీ తెఱచి చూతము.

మా వాగున కవతల నున్నవారు కోయలు. వారి భాష తెలుగునకు జ్ఞాతి. గోండీకి మఱింత దగ్గఱ చుట్టము. మన యూరివారు దానిని 'భాషా పాడా' యని త్రోసివేయుదురు. స్త్రీలు భుజములపై జేతులు పెనవేసికొని, వలయముగ నిలిచి, అడుగు కలుపుచు రేల పాడుదురు. పురుషులు అడవిదున్న కొమ్ములు, నెమలియీకలు దాల్చి, పెద్ద డోళ్లు మెడకు దగిలించుకొని యాడుదురు. వారిలోనే డోలీలను గాయకవంశములు గలవు. కథాచిత్రములు గల పడిగె యను గుడ్డను జూపి, డోలు, అక్కుము అను నూదెడి వాద్యము, కంచుతాళములు తోడుగ వంశకథలు, వేల్పుల కథలు పాడుట వారి వృత్తి. మేడారమున రెండేండ్ల కొకసారి మాఘపూర్ణిమకు సమ్మక్క సారలమ్మల జాతరకు లక్షలకొలది జనులు పోవుదురు. ఆ తల్లుల కథను దరతరములుగ నోటబెట్టుకొని కాచినది పండితులు కారు, ఈ డోలీలే. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో బద్మశ్రీ బిరుదు వచ్చినప్పుడు మనలో బెక్కుమంది యా పేరు మొదటిసారి వింటిమి. 2024లో నాయన మరణించిరి. ఆ రెండేండ్లలో వారి పాట నొక్కపూట కూర్చుండి విన్నవారు మన చదువుకొన్న యిండ్లలో నెందఱు? నన్నడిగినచో నేనును దల వంచుకొనవలసినదే.

భద్రాచలమున రాముడు వెలసిన కథ మనమందఱ మెఱుగుదుము. పుట్టలో నున్న మూర్తులను మొదట గనుగొని, తాటియాకుల పందిరి వేసి, పండ్లు నివేదించినది పోకల దమ్మక్క యను నడవిబిడ్డయని స్థలపురాణము. ఆ తరువాతనే గదా నేలకొండపల్లి కంచర్ల గోపన్న వచ్చుటయు, గుడి కట్టుటయు, గోలకొండ చెఱలో గీర్తనలు పాడుటయు! రామదాసు కీర్తనలు మన యిండ్ల నిత్యము మ్రోగుచున్నవి, మ్రోగవలసినదే. కాని చూడుడు: ఆలయకథలో దమ్మక్కకు దావిచ్చితిమి, ఆమె జాతి పాటకు మన చెవిలో దావీయమైతిమి. ఆమె చేతి పండు దేవునికి బనికివచ్చినది, ఆమె వారి డోలు మన సాయంకాలమునకు బనికిరాకపోయినది.

ఇంతకన్న జెడ్డపని మఱియొకటి చేయుచున్నాము. నేను బనిచేసిన యొక బడిలో వార్షికోత్సవము జరిగెను. ముఖ్యాతిథి రాకకు 'గిరిజననృత్యము' కావలెనని నిర్ణయమైనది. కోయపిల్లలకు ఆకులు కుట్టిన లంగాలు తొడిగి, ముఖములకు నల్లరంగు పూసి, సినిమాపాటకు 'హుయ్ హుయ్' అని యెగిరించిరి. కోయలు ఆకులు కట్టుకొనరు. ఆ పిల్లల తల్లులు ప్రేక్షకులలో శుభ్రమైన చీరలు కట్టుకొని కూర్చుండి తమ బిడ్డల జూచుచుండిరి. అతిథిగారు చప్పట్లు కొట్టిరి. నేనును గొట్టితిని. ఆ రాత్రి నాకు సిగ్గు కలిగినది. నాటి సిగ్గే నేడీ వ్యాసము వ్రాయించుచున్నది.

మఱునాడు తరగతిలో నా పిల్లలలో నొకనిని బాడుమంటిని. సినిమాపాట పాడెను. "మీ నాయనమ్మ పాడే పాట వచ్చునా?" అని యడిగితిని. తల వంచుకొని, "అది పాట కాదు సార్" అనెను. పదియేండ్ల బిడ్డకు తన నాయనమ్మ పాట పాట కాదని యెవరు నేర్పిరి? పాఠ్యపుస్తకములో నట్లు లేదు. నేను చెప్పలేదు. కాని మూసిన కిటికీలు చెప్పును. పెండ్లికి డోలువారిని బిలిచి, వారిని దొడ్డిలో గూర్చుండబెట్టి యన్నము పెట్టెడి మన యిండ్లు చెప్పును. మంత్రి రాకకై యెండలో మూడుగంటలు కొమ్ములతో నిలువబెట్టి, కారు దిగినంతనే యిక చాలునని సైగచేయు నుత్సవములు చెప్పును. బిడ్డలు మన మాటలకన్న మన చెవులను దొందరగ జదువుదురు.

"డోలును సింఫొనీతో సమానము చేయుచున్నావా?" యని నన్ను గొందఱడుగుదురు. సమానమని నేననుట లేదు. తక్కువయనియు ననుట లేదు. తూచుటకు ముందు రెండును పళ్లెరమున బడవలయును గదా! ఒకదానిని త్రాసులో వేయకయే తేలికయని చెప్పువాడు వర్తకుడు కాడు, మోసగాడు. సింఫొనీని సభలో గూర్చుండి విందురు. డోలు కొలుపులో, విత్తనపు పండుగలో, చావులో, పెండ్లిలో మ్రోగును. ఆ సందర్భము నెఱుగక విన్నచో నర్ధము వినినట్లే. రెంటికిని వేఱువేఱు నిఘంటువులు గావలయును. చెవి మాత్ర మొక్కటే చాలును, అది తెఱచియుండవలయును.

మఱికొందఱు ధర్మాత్ములిట్లందురు: "వారికి గావలసినది భూమి, మందు, చదువు. నీవు సంగీతరసికత నూరేగింప వచ్చితివా?" ఈ ప్రశ్న బలమైనది, దానిని దాటిపోను. భూమి ముందు, కాదనువాడు మనుష్యుడు కాడు. 2006లో నటవీహక్కుల చట్టము వచ్చియు బట్టాలకై తిరిగిన కుటుంబములు మా చుట్టు నెన్నియో కలవు. కాని యొక్క సంగతి యాలోచింపుడు. ఎవని పాట మనకు గోలగా వినబడునో, వాని మొఱయు మనకు గోలగానే వినబడును. ఆ చెవి యీ చెవి వేఱు కాదు. కచేరీ బల్లవద్ద నిలిచిన కోయరైతు రెండు మాటలాడునప్పటికి "సరే, వెళ్లు" అను నధికారి చెవియు, మా కిటికీ మూసిన చెవియు నొక్క బడిలో జదివినవే.

తొందరకు మఱియొక కారణము గలదు. గోదావరిపై బోలవరము ప్రాజెక్టు కట్టుచున్నారు. దాని ముంపు కొఱకే 2014లో నీ ప్రాంతపు మండలములను దెలంగాణమునుండి విడదీసి యాంధ్రప్రదేశమున జేర్చిరి. భద్రాచలపు గుడి యొక రాష్ట్రమున, చుట్టుపట్టుల గూడెములు పెక్కు మఱియొక రాష్ట్రమున నైనవి. లెక్కల ప్రకారము లక్షకు మించిన కుటుంబములు నిలువు మాఱవలెను. వారిలో గోయలు, కొండరెడ్లు పెక్కుమంది. ఆనకట్ట కావలయునా వలదా యని నేనిక్కడ వాదింపను. ఇల్లు పోయినవానికి ఇల్లు గట్టవచ్చును. ఆ గట్టుపేర, ఆ చెట్టుపేర, ఆ రేవుపేర నున్న పాటను గాలనీ వీథిలో మరల నాటుట యెట్లు? నష్టపరిహారపు పట్టికలో టేకుచెట్టునకు వరుస గలదు, పాటకు వరుస లేదు.

ఫిన్లండు కథయు నిక్కడ మనకు బాఠము చెప్పును. 1940లలో రష్యాతో యుద్ధములు ముగిసినప్పుడు కరేలియాలో బెద్దభాగము చేజాఱి, నాలుగు లక్షలకు బైబడిన ప్రజ యిండ్లు విడిచి వచ్చిరి. పరస్కే పాడిన యూళ్లును బోయినవి. కాని పాటలు పోలేదు. వ్రాసియుంచినవారు ముందే వ్రాసియుంచిరి. ఇది వారి ఘనత. వారి లోపమును జెప్పెదను. పాటలు విన్న స్వరకర్తకు 1897లోనే ప్రభుత్వము వార్షికవేతనము నిచ్చెను. పాడిన పరస్కేకు బేదఱికము వీడలేదు. 1904లో నామె లేమిలోనే కన్ను మూసినది. పాటను గాగితముపై దించుకొని పాడినవారిని మఱచుట యొక విధమైన దోపిడి. ఘనతను నేర్చుకొందము, లోపమును నేర్చుకొనవలదు.

అయిన జేయవలసినదేమి? గృహస్థులగు మీరు చేయగలిగినవే చెప్పెదను. వారమునకొక గంట యింటిల్లిపాదియు గూర్చుండి, మాటలాడక, ఫోను చూడక, ఎఱుగని సంగీతమొకటి వినుడు. ఒకవారము సిబేలియసు రెండవ సింఫొనీ యగుగాక, ఒకవారము వీణ, ఒకవారము డోలు. మొదటి వినికిడికే తీర్పు చెప్పరాదని యింట నియమము పెట్టుడు. మూడుమాఱులు విన్నవానికే నోరు తెఱచు హక్కు. పెండ్లికి డోలువారిని బిలిచినచో నడిగిన సొమ్మిచ్చి, బంధువుల పంక్తిలోనే వడ్డింపుడు. ఉపాధ్యాయులారా, కోయపిల్లలచేత వారి యవ్వల పాటలను వారి భాషలోనే, తెలుగులిపిలో వ్రాయింపుడు. పాడిన యవ్వ పేరు పైన వ్రాయింపుడు. వాద్యములు, పడిగెలు సేకరించిన ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి వంటివారు పెద్దపని చేసిరి. ప్రతి గూడెమునకు వారు రాజాలరు, ప్రతి గూడెమున మనలో నొకరున్నాము. యువకులారా, ఫోను చేతనున్నది. అనుమతి యడిగి, తగిన ప్రతిఫలమిచ్చి, పాట నిలుపుడు. నాట్యప్రదర్శనములకు ఆకులంగాలు కుట్టించువారిని నిలదీయుడు.

తరువాతి యాదివారము మరల నలుగురము కూడితిమి. పెద్దలే యడిగిరి: "ఆ ఆఱు దెబ్బలది మళ్లీ పెట్టండి సారూ." పెట్టితిని. ఈమాఱు లేవలేదు, వేళ్లపై లెక్కించుకొనిరి. యువకుడు కిటికీ దగ్గఱ కూర్చుండెను. ఆనాడు గూడెమునుండి డోలు వినబడలేదు. ఆతడు కొంతసేపు వేచియుండి, "ఈవేళ లేదేమండీ?" అని నన్నడిగెను.

పోయి కనుగొని రమ్మని చెప్పితిని. వాగు దాటిన బదినిముషముల నడక.